‘గుండమ్మ కథ’ను నిండు ఫ్రేములో చూడనివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

విజయా వారి ‘గుండమ్మ కథ’ను గత నెలలో మా ఇంట్లో మూడు తరాల వాళ్లం కలిసి మళ్లీ చూశాం. 1962 జూన్ 7న విడుదలైన ఈ చిత్రాన్ని నేను చిన్నతనంలో మా అమ్మ పక్కన కూర్చుని థియేటర్లో చూశాను. ఆ తర్వాత అద్దె క్యాసెట్టులోనూ, వీసీడీలోనూ, డీవీడీలోనూ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఏ సన్నివేశం తర్వాత ఏది వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలిగినంత పరిచయం ఉన్న సినిమా ఇది. అయినా ఈసారి పెద్ద తెర టీవీలో చూస్తుంటే ఏదో వెలితిగా అనిపించింది గానీ, అదేమిటో చాలాసేపటి వరకూ పట్టుకోలేకపోయాను. పట్టుకున్నది పదకొండేళ్ల మా మనవరాలు. “తాతయ్యా, రమణారెడ్డి బక్కపలచగా గాలికి ఊగిపోయేటట్టు ఉంటాడన్నావు కదా, ఈయన బాగానే ఒళ్లు చేసి ఉన్నాడే?” అని అడిగింది. అప్పుడు తెలిసింది, తెరమీద ఉన్న ప్రతి మనిషినీ అడ్డంగా సాగదీసి మాకు చూపిస్తున్నారని.

ఇది మా ఒక్క ఇంటి సమస్య అయితే మీ పత్రికకు రాయవలసిన పని లేదు. మన పాత కుటుంబ హాస్య చిత్రాలు ఇవాళ దాదాపుగా ఇళ్లలోని తెరల మీదే బతికి ఉన్నాయి. ఆ తెరల మీదకు అవి ఏ రూపంలో వస్తున్నాయన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకుంటున్నట్టు కనబడదు. అందుకే ఈ ఉత్తరం.

విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ‘గుండమ్మ కథ’ తీసిన రోజుల్లో తెరమీద బొమ్మ వెడల్పు దాని ఎత్తుకు 1.37 రెట్లు ఉండేది, అంటే ఇంచుమించు చదరానికి దగ్గరగా ఉండే ఫ్రేము. తెలుగులో తొలి సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి తెర) చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది కాబట్టి, అంతకుముందు మన దర్శకులూ ఛాయాగ్రాహకులూ ఆ చదరపు ఫ్రేముకే మనుషులను కూర్చారు, నిలబెట్టారు, నడిపించారు. ఇప్పటి మన టీవీల తెర వెడల్పేమో ఎత్తుకు 1.78 రెట్లు ఉంటుంది. పాత బొమ్మను ఈ కొత్త తెర మీద సరిగా చూపించాలంటే ఇరుపక్కలా నల్లటి ఖాళీ వదలాలి, అంతకు మించి చేయవలసింది ఏమీ లేదు. ఆ ఖాళీ చూస్తే ప్రేక్షకుడు డబ్బులు దండగ అనుకుంటాడేమోనన్న భయంతో కాబోలు, కొందరు బొమ్మను అడ్డంగా సాగదీస్తారు. అప్పుడు ప్రతి ముఖమూ ముప్పై శాతం వెడల్పు అవుతుంది. ఇంకొందరు బొమ్మను పెద్దది చేసి పైనా కిందా కోసేస్తారు. ఇలా కోసినప్పుడు ఫ్రేము ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది.

సాగదీసిన బొమ్మ కంటికి వెంటనే తెలిసిపోతుంది, చిన్నపిల్ల కూడా పట్టేస్తుంది. కోసిన బొమ్మ మాత్రం తెలియకుండా మోసం చేస్తుంది. నా దగ్గర ఉన్న రెండో ప్రతి అటువంటిదే. అనుమానం వచ్చి మర్నాడు పాత డీవీడీనీ దీన్నీ పక్కపక్కనే పెట్టి చూశాను. ‘లేచింది, నిద్ర లేచింది మహిళాలోకం’ పాట వస్తున్నప్పుడు అంజి వేషంలో ఉన్న రామారావుగారు నిక్కరు వేసుకుని రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతుంటారు, లక్ష్మి వేషంలో సావిత్రిగారు ఆ పక్కనే ఉంటారు. ఆడవాళ్లు మేలుకున్నారని ఒక మగవాడు ఆడవాళ్ల చాకిరీ చేస్తూ పాడటంలోనే ఆ పాట చమత్కారమంతా ఉంది. కోసిన ప్రతిలో కొన్నిచోట్ల ఆ రోలే కనబడదు. రామారావుగారి భుజాలు ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి గానీ, ఆ చేతులు ఏం తిప్పుతున్నాయో తెలియదు. పింగళి నాగేంద్రరావుగారు రాసిన మాటలన్నీ వినబడతాయి, ఘంటసాలగారి గొంతూ వినబడుతుంది. అయినా నవ్వు సగమే వస్తుంది. మా మనవరాలు ఆ పాటకు నవ్వకపోతే ఈ కాలం పిల్లలకు పాత సినిమాలు రుచించవని అనుకున్నాను. పాత డీవీడీలో అదే పాట చూపించిన తర్వాత, “రుబ్బుతున్నాడా!” అని లేచి కూర్చుని నవ్వింది. తప్పు పిల్లది కాదని ఆ క్షణంలో నాకు బాగా అర్థమైంది.

సూర్యకాంతంగారి సంగతి ఇంకా కష్టం కలిగిస్తుంది. ఆవిడ నటన గొంతులో ఎంత ఉందో చేతిలోనూ అంత ఉంది. ఎడమచేయి విసురుతూ మాట్లాడే ఆ తీరును మన ఇళ్లలో ఎందరో అనుకరించి నవ్వించారు. చేయి నడుము దగ్గర ఆనించి ఉంచడం, మాట తెగే చోట దాన్ని గాలిలోకి విసరడం, ఎదుటివాడు పొగిడితే అదే చేత్తో పైట సర్దుకుంటూ లోపల్లోపల పొంగిపోవడం, ఇదంతా కలిపితేనే గుండమ్మ. కింద కోసిన ఫ్రేములో ఆ చేయి మొదలయ్యే చోటు పోతుంది, విసురు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా హఠాత్తుగా వేళ్లు కనబడి మాయమవుతాయి. పైగా ఈ సినిమాలో హాస్యం ఒక్కరి ముఖం మీద నడిచేది కాదు. ఒకరు మాట్లాడుతుంటే పక్కనున్న ఇద్దరు వింటూ ఏం చేస్తున్నారో చూడాలి. గుండమ్మ గొప్పలు చెప్పుకుంటున్నప్పుడు రమణారెడ్డిగారి కళ్లు ఎటు తిరుగుతున్నాయో, ఎస్వీ రంగారావుగారు మాట్లాడకుండా నిలబడినప్పుడు ఆయన ముఖంలో ఏం కదులుతోందో కనబడాలి. మనుషులందరినీ ఒకే ఫ్రేములో ఉంచి, కెమెరాను తొందరపెట్టకుండా తీసిన సినిమాను కత్తిరిస్తే పోయేది ఆ తీరికే.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ముప్పై, నలభై ఏళ్ల కిందట అద్దెకు తెచ్చుకున్న క్యాసెట్టులో బొమ్మ మసకగా ఉండేది, గీతలు పడేది, మధ్యలో వణికేది. వీసీడీ వచ్చాక ఒక్క సినిమాను రెండు మూడు డిస్కులుగా విడదీసేవారు. ఒక్కో డిస్కులో 74 నుంచి 80 నిమిషాలే పట్టేది గనుక సరిగ్గా నవ్వు అందుకున్న చోట లేచి డిస్కు మార్చవలసి వచ్చేది. ఆ అవస్థలన్నీ ఉన్నా, ఆనాటి డబ్బా టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లు ఉండేది కాబట్టి, విజయా వారు తీసిన ఫ్రేము ఇంచుమించు పూర్తిగా మా కళ్ల ముందు ఉండేది. మనుషులు మనుషుల్లాగే ఉండేవారు. ఇవాళ బొమ్మ అద్దంలా తేటగా ఉంది, కానీ దాని ఆకారం పాడైంది. సాంకేతికంగా ఇంత ముందుకు వచ్చిన తర్వాత ఈ నష్టాన్ని భరించవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

నిడివి గురించి కూడా రెండు మాటలు. ఈ చిత్రం దాదాపు 166 నిమిషాలు. ఇంట్లో ఉన్న ప్రతి అంతకంటే ఆరేడు నిమిషాలు తక్కువ చూపిస్తే ఏదో కోసేశారని మండిపడేవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. అన్నివేళలా అది నిజం కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు, మన దేశంలో టీవీ పద్ధతి సెకనుకు 25. వీడియోకి మార్చేటప్పుడు చాలా కాలం ఆ 24ను 25గా నడిపించేశారు. అలా నడిపిస్తే 166 నిమిషాలు 159 నిమిషాల్లోనే పూర్తవుతాయి, ఒక్క దృశ్యం కూడా పోదు. పోయేది మరొకటి ఉంది. వేగం నాలుగు శాతం పెరిగినప్పుడు గొంతు కూడా ఆ మేరకు పైకి వెళుతుంది. ‘మౌనముగా నీ మనసు పాడిన’ పాటను గ్రామఫోను రికార్డు మీద విని పెరిగినవాళ్లకు, వీడియోలో ఘంటసాలగారి గొంతు ఎందుకో కాస్త పలచబడినట్టు, తొందరపడినట్టు అనిపించడానికి కారణం అదే అయి ఉంటుంది. ఇప్పటి యంత్రాలు 24 ఫ్రేములను 24గానే చూపించగలవు. అయినా పాత వీడియో ప్రతినే తీసుకుని మళ్లీ మళ్లీ అచ్చు వేస్తూ ఉంటే ఆ తొందర అలాగే కొనసాగుతుంది.

నిజంగా కోసిన ప్రతులూ ఉన్నాయి. నా దగ్గర ఉన్న ఒక వీసీడీలో మొదటి పేర్లు లేవు, చివరి భాగంలో ఛాయాదేవిగారి సన్నివేశాలు చాలా వరకు లేవు. పేర్లు పోతే ఏమవుతుందని కొందరు అనుకోవచ్చు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, మాటలు డి.వి. నరసరాజు, పాటలు పింగళి, సంగీతం ఘంటసాల, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే, నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. ఇంతమంది ఘనులు ఒకే కథకు పనిచేశారని కొత్తగా చూసేవాళ్లకు తెలిసే చోటు ఆ పేర్లొక్కటే. ఛాయాదేవిగారి సన్నివేశాలు పోతే కథ అర్థమే మారిపోతుంది. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిలా వాడుకున్న గుండమ్మ, కోడలి తరఫున ఇంట్లో అడుగుపెట్టిన దుర్గమ్మ (ఛాయాదేవిగారు) చేతిలో అదే అనుభవిస్తుంది. ఆ కష్టంలో ఆమెను ఆదుకోవడానికి వచ్చేది ఆ లక్ష్మే. అది చూసిన తర్వాతే గుండమ్మ మీద మనకు జాలి పుడుతుంది. అది లేకపోతే ఆమె ఉత్త గయ్యాళి, సినిమా ఒక గయ్యాళికి బుద్ధి చెప్పిన కథ. చక్రపాణిగారు తలపెట్టిన గుండమ్మ అది కాదని పూర్తి సినిమా చూసిన ఎవరికైనా తెలుస్తుంది. పైకి అరిచే మనిషే గానీ లోపల కల్లాకపటం తెలియని మనిషి ఆమె. పొగిడితే పడిపోతుంది, నమ్మితే పూర్తిగా నమ్ముతుంది, అందుకే మోసపోతుంది.

మళ్లీ చూసినప్పుడు నచ్చనివి కనబడలేదని నేను చెప్పడం లేదు. గుండమ్మ సొంత కూతురు, పెద్దింటి గారాబంతో పెరిగిన సరోజ గర్వం అణచడానికి అంజి తమ్ముడు రాజా (నాగేశ్వరరావుగారు) ఆమెను తోటలోకి తీసుకువెళ్లి కూలిపని చేయించే భాగం మా అమ్మాయికి ఏమాత్రం రుచించలేదు. “ఆమెకు పని నేర్పాలనుకుంటే నేర్పవచ్చు, పేదవాళ్లమని అబద్ధమాడి నేర్పడం దేనికి?” అన్నది. నేను దానికి సమాధానం వెతుక్కున్నాను. జమునగారు ఆ సన్నివేశాల్లో చూపించే ఉక్రోషం, అలసట, మెల్లగా వచ్చే మార్పు ఎంత బాగున్నా, అమ్మాయి మాటలో న్యాయం ఉంది. అదే సినిమాలో అంజి పనివాడిగా వచ్చి లక్ష్మి పక్కన కూర్చుని ఆమె చాకిరీ పంచుకుంటాడు, అన్నదమ్ములిద్దరి దారుల్లో నాకు అన్నగారి దారే నచ్చుతుంది. ఈ చర్చ మా ఇంట్లో ఆ రాత్రి చాలాసేపు సాగింది. అరవై ఏళ్లు దాటిన సినిమా గురించి తల్లీ కూతురూ తాతా కూర్చుని వాదించుకోవడం కంటే ఆ సినిమాకు జరగవలసిన గౌరవం వేరే ఏముంటుంది? అయితే వాదించుకోవడానికి ముందుగా సినిమా పూర్తిగా ఉండాలి కదా. తోట సన్నివేశాలుంచి దుర్గమ్మ సన్నివేశాలు తీసేసిన ప్రతిని చూసి ఎవరైనా ఈ చిత్రాన్ని తప్పుపడితే, తప్పుపట్టిన వాళ్లను నేను ఏమీ అనలేను.

ఇంట్లో చూడటంలో థియేటర్లో దొరకని సుఖం కూడా ఒకటి ఉంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. ‘కోలు కోలోయన్న’ పాటలో రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున నలుగురూ ఆడి పాడినట్టు మన జ్ఞాపకం. ఆ నలుగురి డేట్లూ ఒకేసారి దొరకక, ఎప్పుడు ఎవరు దొరికితే వాళ్లతో ఇద్దరిద్దరుగా తీసి, కూర్పులో కలిపారని సినిమావాళ్లు చెబుతారు. థియేటర్లో ఎన్నిసార్లు చూసినా నాకు ఆ సంగతి తట్టలేదు. ఇంట్లో రిమోటుతో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి చూస్తూ, ఆ కూర్పు పనితనానికి మా అల్లుడు ముచ్చటపడ్డాడు. ఒకరు చూపు తిప్పిన వైపు నుంచి మరొకరు అందుకోవడం, తాళం తెగకుండా బొమ్మ మారడం గమనించాక ఆ పాట మీద నాకు మునుపటి కంటే ఇష్టం పెరిగింది. ఇటువంటి పరిశీలనకు ఇంటి వీడియో కంటే మంచి సాధనం లేదు.

రంగుల గురించి కూడా అడుగుతారేమో. విజయా వారి ‘మాయాబజార్’కు రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసినప్పుడు పిల్లలు థియేటర్లకు వచ్చారు, సంతోషించాను. కానీ ‘గుండమ్మ కథ’ను నలుపు తెలుపుల్లోనే చూడాలని నా గట్టి అభిప్రాయం. బార్ట్లేగారి వెన్నెల గురించి పాతకాలపు ప్రేక్షకులకు వేరే చెప్పనక్కరలేదు. ‘ఎంత హాయి ఈ రేయి’ అని పాట వస్తుంటే చెట్ల నీడలకూ చీర మడతలకూ నడుమ ఆయన పరిచిన ఆ బూడిదరంగు వెలుగుల్లో ఎన్ని అంతరాలో! తక్కువ నాణ్యత గల ప్రతిలో అవన్నీ కలిసిపోయి గళ్లు గళ్లుగా కనబడతాయి. కొత్తగా నెగెటివ్ నుంచి గానీ మంచి ప్రింటు నుంచి గానీ శ్రద్ధగా స్కాన్ చేస్తే ఆ వెన్నెల తిరిగి వస్తుంది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఆయన చిత్రాలను దేశంలోని పలు నగరాల్లో పెద్ద తెర మీద ప్రదర్శించింది. 1964లో పుణెలో స్థాపించిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పాత చిత్రాల పునరుద్ధరణ చేపడుతూనే ఉంది. కాబట్టి పని తెలిసినవాళ్లు మనకు ఉన్నారు. వాళ్లు చేసిన పని థియేటర్లో మూడు రోజుల పండుగగా ముగిసిపోకుండా మన ఇళ్లకు అదే నాణ్యతతో చేరాలి.

అందువల్ల పాత చిత్రాల హక్కులు ఉన్నవారికీ, వాటిని డిస్కుల మీద, చానళ్లలో, ఓటీటీల్లో అందించేవారికీ మీ పత్రిక ద్వారా నా విన్నపం. సినిమా ఏ ఆకారంలో తీశారో ఆ ఆకారంలోనే చూపించండి, ఇరుపక్కలా నలుపు ఉంటే ఉండనివ్వండి. మొదటి పేర్ల నుంచి చివరి ‘శుభం’ వరకూ ఏదీ తీయకండి. నిడివి ఎంతో పైన రాయండి. తెలుగు సినిమాకు తెలుగులోనే సబ్‌టైటిళ్లు ఇవ్వండి. వినికిడి తగ్గిన మా అక్కయ్య ఆ రాత్రి మా అందరి మధ్యా కూర్చుని, మేము నవ్వినప్పుడల్లా మా ముఖాలు చూసి నవ్వింది. నరసరాజుగారి మాట ఒక్కటీ ఆమెకు అందలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉన్నాయి గానీ ఆమెకు ఇంగ్లీషు రాదు. తన భాషలో తీసిన సినిమాను తన భాషలో చదువుకునే వీలు ఆమెకు ఎందుకు ఉండకూడదు?

తోటి పాఠకులకు ఒక చిన్న సూచన. సాగదీత అన్నివేళలా సినిమా ఇచ్చినవాళ్ల తప్పు కాదు, చాలాసార్లు మన టీవీయే ఆ పని చేస్తుంది. రిమోటులో బొమ్మ ఆకారం మార్చే అమరిక ఉంటుంది. దాన్ని ‘వైడ్’, ‘జూమ్’ నుంచి తప్పించి ‘ఒరిజినల్’ అని గానీ ‘4:3’ అని గానీ పెట్టి చూడండి. మా ఇంట్లో మొదటి ప్రతికి అది సరిపోయింది, రమణారెడ్డిగారు మళ్లీ బక్కచిక్కిపోయారు. కోసి పంపిన రెండో ప్రతికి మాత్రం ఏ మీటా పనిచేయలేదు. పోయిన రోలును మన టీవీ తెచ్చి పెట్టలేదు.

చివరగా మీకు ఒక మనవి. మీ పత్రికలో వారం వారం టీవీలోనూ ఓటీటీలోనూ వచ్చే సినిమాల వివరాలు వేస్తున్నారు, నటీనటుల పేర్లు, ఒక్క వాక్యంలో కథ ఇస్తున్నారు. పాత చిత్రం అయినప్పుడు ఆ వివరాల పక్కనే అది పూర్తి ఫ్రేములో ఉందా, కోసినదా, నిడివి ఎంత, తెలుగు సబ్‌టైటిళ్లు ఉన్నాయా అన్న నాలుగు ముక్కలు కూడా చేర్చగలరా? రెండు పంక్తుల కంటే ఎక్కువ చోటు పట్టదు. ఆ వివరం చూసుకుని మంచి ప్రతి ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే, వచ్చే సెలవుల్లో మా మనవరాలికి ‘మిస్సమ్మ’ చూపించాలని ఉంది.

ఇట్లు,
భవదీయుడు,
మీ పాఠకుడు